సున్నా వస్తే... 'మ' అందుకో!

వికారాబాద్ జంక్షన్‌లో ప్యాసింజర్ బండి కదలడమే ఆలస్యం, ఆట మొదలయ్యేది. కిటికీ పక్క సీటు అవ్వది. ఎదురుగా, కాళ్ళు ఇంకా కిందికి అందని మనవరాలు. ఇద్దరి మధ్యా పల్లీల పొట్లం. బయట అనంతగిరి గుట్టల పచ్చదనం వెనక్కి పోతుంటే, లోపల సినిమా పేర్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని ముందుకు సాగేవి.

"మాయాబజార్" అనేది మనవరాలు.

"ర వచ్చింది. రాముడు భీముడు" అనేది అవ్వ.

"డాక్టర్ చక్రవర్తి."

"తోడికోడళ్ళు."

అక్కడ చిన్న తగాదా. 'ళ'తో మొదలయ్యే సినిమా ఎక్కడుంది? 'ళ' వస్తే 'ల' అనుకోవచ్చని ఆ ఇంటి చట్టం. "లవకుశ" అని మనవరాలు గట్టెక్కేది. 'శ' కోసమే కాచుకుని కూర్చున్నట్టు అవ్వ వెంటనే "శంకరాభరణం" అనేది. చివర సున్నా!

సున్నాతో మొదలయ్యే మాట తెలుగులో ఒక్కటీ లేదు. అయినా అవ్వ దగ్గర దానికీ ఉపాయం ఉంది. "సున్నా వస్తే మ అందుకోవాలె. ఆట ఆగొద్దు." మ అనగానే మాయాబజార్ గుర్తొస్తుంది. కానీ ఒకసారి చెప్పిన పేరు మళ్ళీ చెప్పకూడదు కదా! మనవరాలు తల గోక్కుని, నెమ్మదిగా "మల్లీశ్వరి" అనేది. 1957 దగ్గర బయల్దేరిన ఆట 1964కు పోయి, వెనక్కి వచ్చి, 1980 దాకా దూకి, మళ్ళీ 1951కి చేరేది. ఈలోగా ధారూరు, రుక్మాపూర్ దాటి బండి తాండూరు చేరేది. సుమారు 40 కిలోమీటర్ల దారి, గంట ప్రయాణం. ఎవరు గెలిచారో ఎప్పుడూ తేలేది కాదు.

తాండూరులో దిగితే లోకమే వేరు. నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ల రొద, బండలు నింపుకున్న లారీలు, చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది అప్పటికే వంటిళ్ళలో పేరున్న పప్పు. కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం లేదు కాబట్టి ఒకే వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ వినిపిస్తాయి. వేసవి రాత్రుల్లో మిద్దె మీద అంత్యాక్షరి ఆడితే మూడు భాషల పాటలూ కలిసిపోయేవి. ఒకరు హిందీ పాట పాడితే, దాని చివరి అక్షరం పట్టుకుని పక్కింటావిడ కన్నడ పాట అందుకునేది. ఎవరూ అభ్యంతరం చెప్పేవాళ్ళు కాదు. అక్షరం కలిస్తే చాలు.

నిహోన్ అన్నా ఓటమే!

ఆ మనవరాలు పెద్దదై నర్సింగ్ చదివింది. ఇప్పుడు జపాన్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తోంది. నిపుణులైన కార్మికులను పంపేందుకు 2021 జనవరిలో భారత్, జపాన్‌ల మధ్య ఒప్పందం కుదిరాక ఈ దారి తెరుచుకుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సింగ్ చదివినవాళ్ళకు జపాన్ భాష నేర్పించి పంపుతోంది. అక్కడ జనాభాలో 65 ఏళ్ళు దాటినవాళ్ళు సుమారు 29 శాతం. చూసుకునే చేతులు చాలడంలేదు.

చేరిన వారంలోనే ఆమెకో ఆశ్చర్యం ఎదురైంది. మధ్యాహ్నం టీ అయ్యాక పెద్దవాళ్ళందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక ఆట ఆడించారు. ఒకరో మాట చెబుతారు. దాని చివరి అక్షరంతో పక్కవాళ్ళు ఇంకో మాట చెప్పాలి. ఆట పేరు శిరితోరి. అంటే వెనక భాగాన్ని పట్టుకోవడం. వికారాబాద్ బండిలో ఆడిన ఆటే! భాష మారింది, అంతే.

తెలుగులో మాటలు అచ్చుతో ముగుస్తాయని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు. జపాన్ మాటలూ అంతే. కాకపోతే వాళ్ళకూ ఒక సున్నా ఉంది. మన సున్నాలాగే పలికే ఆ అక్షరంతో వాళ్ళ భాషలో ఏ మాటా మొదలుకాదు. కాబట్టి సున్నాతో ముగిసే మాట ఎవరి నోట వస్తే వాళ్ళు ఓడిపోయినట్టే. 'మికాన్' అంటే కమలాపండు. ఆ మాట అన్నారా, ఆట అయిపోయింది. 'ఉదోన్' అని వాళ్ళు ఇష్టంగా తినే సేమ్యాలాంటి వంటకం ఉంది. అదీ అనకూడదు. అంతెందుకు, తమ దేశాన్ని వాళ్ళు నిహోన్ అంటారు. ఆ పేరు చెప్పినా ఓటమే!

ఒకరోజు చక్రాల కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ వంతు వచ్చింది. 'మి' అక్షరం. ఆవిడ చాలాసేపు ఆలోచించి, దొరికిన సంతోషంలో "మికాన్" అంది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది గానీ వెంటనే చేత్తో నోరు మూసుకుంది. ఆ తర్వాత ఎంత అడిగినా మాట్లాడలేదు. మనవరాలికి మనసు చివుక్కుమంది. కానీ కొత్తగా వచ్చిన మనిషి. వాళ్ళ ఆట, వాళ్ళ నియమం. ఏమంటుంది?

అ ఇ ఉ ఎ ఒ... క స త న

ఆ కేంద్రంలో వారానికోసారి కరావోకే ఉంటుంది. 'కరా' అంటే ఖాళీ, 'ఓకె' అంటే ఆర్కెస్ట్రా. వాయిద్యాలు మోగుతుంటాయి, గాయకుడి చోటు ఖాళీ. అక్కడ మనం నిలబడి పాడుకోవాలి. 1971లో కోబె నగరంలో క్లబ్బుల్లో వాయించే ఇనోయె దైసుకె ఇలాంటి పెట్టెను తయారుచేశాడు. తనతో రమ్మన్న ఒక ఖాతాదారుడితో ఊరు వెళ్ళలేక, వాయిద్యాన్ని టేపు మీద రికార్డు చేసి ఇవ్వడంతో ఆయనకీ ఆలోచన వచ్చిందట. పేటెంటు తీసుకోలేదు. లోకమంతా పాడుకుంది, ఆయనకు మాత్రం కోట్లు రాలేదు. 2004లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఒకరి పాటను ఇంకొకరు ఓపిగ్గా భరించడం నేర్పినందుకు!

పాటలు ఎంచే పని మనవరాలికి అప్పగించారు. జాబితాలో వేల పాటలు. చిత్రలిపి అక్షరాలు ఇంకా సరిగా రావు. పేర్లు ఎలా వెతకాలి? అక్షరక్రమం చూసి ఆమెకు ప్రాణం లేచివచ్చింది. అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వరసే! సంస్కృతం చదువుకున్న బౌద్ధ భిక్షువుల ద్వారా మన వర్ణమాల పద్ధతి జపాన్ చేరి అక్కడి అక్షరాల వరస అలా కుదిరిందని పండితులు చెబుతారు. ఏది ముందో ఏది వెనకో తాండూరు పిల్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

మొదట తను చదవగలిగిన చిన్న చిన్న పేర్లే ఎంచింది. 'ఉమి' అంటే సముద్రం. రెండక్షరాల పేరు. 'జో-సాన్' అంటే ఏనుగు. రెండూ పిల్లల పాటలు. నలుగురు పాడారు. మూల కుర్చీలో కూర్చునే ఒక పెద్దాయన మాత్రం మొహం అటు తిప్పుకున్నాడు. రెండో వారమూ అంతే. మూడో వారం ఆమెకు విషయం అర్థమైంది. ఆయనకు స్నానం చేయించాలి, అన్నం తినిపించాలి. అంతమాత్రాన ఆయన పసిపిల్లవాడు కాదు. ఒకప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రవాడు.

అప్పటి నుంచి ఆమె పాట కన్నా ముందు మనిషి వయసు అడిగింది. 1940లో పుట్టినవాళ్ళకు 1961లో 21 ఏళ్ళు. ఆ ఏడాది సకమొతో క్యూ పాడిన 'ఉఎ ఒ ముయితే అరుకో' జపాన్‌ను ఊపేసింది. పైకి చూస్తూ నడుద్దాం అని ఆ పేరుకు అర్థం. ఒంటరి మనిషి కన్నీళ్ళు ఆపుకునే పాట. 1963లో అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. కాకపోతే అక్కడ దానికి 'సుకియాకి' అని పేరు పెట్టారు. అది మాంసంతో చేసే ఒక వంటకం! కన్నీళ్ళు పెట్టించే తెలుగు పాటకు ఎవరో పచ్చిపులుసు అని పేరు పెట్టి అమ్మినట్టు. ఆ పాట వేసిన రోజు మూల కుర్చీ పెద్దాయన ఇటు తిరిగాడు. పాడలేదు గానీ వేళ్ళతో తాళం వేశాడు.

పేర్ల గొలుసు

మెల్లగా మనవరాలు ఆ రెండు ఆటలనూ కలిపేసింది. విడి మాటలు కాకుండా పాటల పేర్లతో శిరితోరి. పేరు చెప్పినవాళ్ళకు ఆ పాట మీటే అవకాశం. దానికోసం రాత్రిళ్ళు కూర్చుని ఒక నోటుపుస్తకం తయారుచేసుకుంది. కరావోకే జాబితా మొదటి అక్షరం వరసలో ఉంటే, ఆమె పుస్తకం చివరి అక్షరం వరసలో ఉంది.

ఒక మధ్యాహ్నం గొలుసు చక్కగా పడింది. సొంతూరు అని అర్థమొచ్చే 'ఫురుసతో'తో మొదలైంది. 1914 నాటి బడిపాట, తెలియనివాళ్ళు లేరు. 'తో' వచ్చింది కాబట్టి పాత పిల్లల పాట 'తోర్యాన్సె'. 'సె'తో 1972 నాటి 'సెతో నో హనయోమె', సెతో సముద్రతీరపు పెళ్ళికూతురి పాట. 'మె'తో 'మెదకా నో గక్కో', చిట్టి చేపల బడి. ఇక్కడ వాళ్ళకూ ఒక తగాదా! బడి అనే మాట పలికితే చివర 'కో' వినిపిస్తుంది, రాస్తే 'ఉ' ఉంటుంది. ఏది లెక్క? రాతే లెక్క అని ఆ ఇంటి చట్టం. 'ళ' వస్తే 'ల' అన్నట్టే. 'ఉ' అనగానే పైకి చూస్తూ నడిచే పాట. అదీ 'ఉ'తోనే ముగుస్తుంది కాబట్టి 'ఉమి'. 'మి' దగ్గర అందరూ ఊపిరి బిగబట్టారు. మళ్ళీ ఎవరు మికాన్ అంటారో! ఒకావిడ తెలివిగా 'మికాన్ నో హనా సకు ఒకా' అంది. కమలాపూలు పూసే కొండ. 1946 నాటి పాట. ఒట్టి మికాన్ అంటే ఆట పోతుంది. దానికి పూలూ కొండా తగిలిస్తే బతుకుతుంది. 'క' వచ్చింది. 'కవా నో నగరే నో యో ని', నది పారినట్టుగా. 1989లో తాను చనిపోయిన ఏడాదే మిసొరా హిబరి విడుదల చేసిన పాట. అక్కడ చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

ఆ ఆటలో మనవరాలు ఒకటి కనిపెట్టింది. గెలవాలనుకుంటే పక్కవాళ్ళకు కష్టమైన అక్షరం ఇవ్వాలి. శిరితోరి బాగా ఆడేవాళ్ళు ఎదుటివాళ్ళకు 'రు' మీద 'రు' ఇస్తారు. దానితో మొదలయ్యే మాటలు వాళ్ళకు తక్కువ. కానీ మరుపు మీద పడుతున్న మనిషితో ఆడేటప్పుడు అలా కాదు. తనకు తోచిన పేరు చెప్పడం కాదు, పక్కనున్న మనిషికి ఏ అక్షరం ఇస్తే మాట దొరుకుతుందో చూసి ఎంచుకోవాలి. మన మాట చివర వాళ్ళకు మొదలు కావాలి. అవ్వ 'శ' కోసం కాచుకుని కూర్చునేది కాదు. చిన్నప్పుడు తనకు 'మ' దొరకాలనే ఆవిడ 'శంకరాభరణం' వదిలేదని ఆమెకు ఇరవై ఏళ్ళ తర్వాత తట్టింది.

ఇవతలి గట్టున

అదే సమయంలో తాండూరులో అవ్వ మారిపోతోంది. ముందు పొయ్యి మీద పాలు మరిచిపోయింది. తర్వాత కిరాణా కొట్టు నుంచి ఇంటికి దారి. ఆ తర్వాత ఒకరాత్రి స్నానాలగదిలో తడి బండల మీద జారిపడింది. అదే సమయంలో అక్కడ మనవరాలు ఒక పరాయి అవ్వ మోచేయి పట్టుకుని, అడుగులో అడుగు వేయిస్తూ నడిపిస్తోంది.

రావడానికి సెలవు లేదు. వస్తే టికెట్టు ఖర్చు, తీరని అప్పు. ఫోన్లో బాబాయి గొంతు కఠినంగా వినిపించింది. "లోకంలున్న అవ్వలందర్నీ చూస్తున్నవు. మన అవ్వను ఎవరు చూడాలె?" దానికి ఆమె దగ్గర జవాబు లేదు. నెల జీతంలోంచి ఇంకొంచెం ఎక్కువ పంపింది. అవ్వకు తోడుగా ఒక మనిషిని పెట్టుకున్నారు. డబ్బు పంపడం జవాబు కాదని ఆమెకూ తెలుసు, బాబాయికీ తెలుసు.

తాండూరులో సాయంత్రం ఏడైతే జపాన్‌లో రాత్రి పదిన్నర. రోజూ ఆ వేళకు వీడియోలో మాట్లాడేది. కొన్నాళ్ళకు అవ్వ తెర వైపు చూసి "ఎవరు బిడ్డా నువ్వు?" అని అడగడం మొదలుపెట్టింది. మనవరాలు తన పేరు చెప్పేది. వికారాబాద్ నాన్న పేరు చెప్పేది. అవ్వ మర్యాదగా తల ఊపేది, ఇంటికొచ్చిన కొత్తవాళ్ళకు ఊపినట్టు. ఆ తల ఊపడం చూసిన రాత్రి ఆమెకు నిద్ర పట్టేది కాదు.

వృత్తిలో ఆమె రోజూ చూసేదే ఇది. కొత్త జ్ఞాపకాలు ముందు జారిపోతాయి, పాతవి ఎక్కువకాలం పట్టుకుని ఉంటాయి. ఆట మందు కాదు. పోయినదాన్ని తెచ్చిపెట్టదు. కానీ ఆ పూటకు ఒక మనిషిని ఇంకో మనిషి పక్కన కూర్చోబెడుతుంది. పరాయి అవ్వలకు రోజూ చేసేది సొంత అవ్వకు ఎందుకు చేయలేదు? ఆ రాత్రి నోటుపుస్తకం వెనక నుంచి తిప్పి తెలుగు సినిమాల పేర్లు రాసుకుంది. మళ్ళీ చివరి అక్షరం వరసలోనే. 'మ'తో ముగిసేది మిస్సమ్మ. 'స'తో ముగిసేది దేవదాసు. 'శ'తో ముగిసేది లవకుశ.

మర్నాడు అవ్వ "ఎవరు బిడ్డా?" అనగానే పేరు చెప్పలేదు.

"మిస్సమ్మ. మ వచ్చింది అవ్వా" అంది.

తెరలో నిశ్శబ్దం. తోడున్న మనిషి ఏదో అనబోయింది. అంతలో అవ్వ పెదాలు కదిలాయి. "మాయాబజార్."

ఆ రోజు నుంచి అదే పలకరింపు. కొన్నిసార్లు రెండు పేర్లతో ఆగిపోయేది. కొన్నిసార్లు అవ్వ మాయాబజార్ అనే పేరే మూడుసార్లు చెప్పేది. చెప్పిన పేరు మళ్ళీ చెప్పకూడదన్న నియమాన్ని ఎవరూ గుర్తుచేయలేదు. ఒకరోజు పక్కనే కూర్చుని ఉన్న బాబాయి ఆపుకోలేక "రాముడు భీముడు" అని అందించాడు. ఆ తర్వాత ఫోన్లో ఆయన గొంతు కొంచెం మెత్తబడింది.

ఒక రాత్రి మనవరాలు బాగా అలసిపోయి ఉంది. పగలంతా శిరితోరి ఆడించి వచ్చింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. "లవకుశ" అంది. "శంకరాభరణం" అంది అవ్వ. అలవాటైన నోటితో, ఆలోచించకుండా అనేసింది మనవరాలు.

"సున్నా వచ్చింది అవ్వా... ఓడిపోయినవ్."

అవ్వకు కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన, అచ్చంగా అవ్వదైన కోపం.

"ఓడుడేంది? సున్నా వస్తే మ అందుకోవాలె. ఆట ఆగొద్దు. నీకెవ్వరు నేర్పిండ్రే ఈ ఆట?"

మనవరాలు వెంటనే మాట్లాడలేకపోయింది. కళ్ళు తుడుచుకుని, 'మ' అందుకుంది. "మల్లీశ్వరి."

మర్నాడు మధ్యాహ్నం టీ అయ్యాక అందరూ గుండ్రంగా కూర్చున్నారు. 'మి' అక్షరం తిరిగి తిరిగి చక్రాల కుర్చీ పెద్దావిడ దగ్గరకే వచ్చింది. ఆవిడ ఆలోచించి ఆలోచించి, చివరికి "మికాన్" అని, నాలుక కరుచుకుని, చేయి నోటి దగ్గరకు తీసుకెళ్ళింది.

"మా ఊళ్ళో ఇక్కడ ఆట ఆగదు" అంది మనవరాలు, తనకొచ్చిన జపాన్ భాషలో. "సున్నా వస్తే మ అందుకోవాలి. మా అవ్వ పెట్టిన నియమం."

పెద్దావిడ చేయి మెల్లగా కిందికి దిగింది. "మాత్సురి" అంది. అంటే జాతర. ఆ పేరుతో 1984 నాటి పాట కూడా ఉంది.

'రి' వచ్చింది. ఎవరూ పలకలేదు. అప్పుడు మూల కుర్చీలోంచి, ఇన్నాళ్ళూ ఆటలో కలవని పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "రింగో నో ఉతా." యాపిల్ పాట. యుద్ధం ముగిసిన కొత్తలో జపాన్ అంతా పాడుకున్న పాట.

'త' వచ్చింది. మనవరాలి నోటిదాకా "తోడికోడళ్ళు" వచ్చి ఆగింది.